చిన్న ఊరి ప్రభుత్వ బడి, పిల్లల చదువు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

అమెరికాలోని తెలుగువారు అనగానే న్యూజెర్సీ, డాలస్, బే ఏరియా గుర్తుకు వస్తాయి గాని, ఆసుపత్రుల్లోనూ కర్మాగారాల్లోనూ ఉద్యోగాలు దొరికి నాలుగైదు వేల జనాభా ఉన్న ఊళ్లలో కాపురం పెట్టినవారు కూడా తక్కువేమీ కాదు. ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వారివే. కొత్తగా వెళ్లినవారి కోసం ముందుగా ఒక వివరం చెప్పాలి. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన రెవెన్యూ జిల్లా వంటిది కాదు. సాధారణంగా ఒకటి రెండు ఊళ్ల ప్రభుత్వ బడులను నడపడానికి ఏర్పడిన స్థానిక సంస్థ అది. చాలాచోట్ల దానికి సొంత పన్ను, ప్రజలు ఎన్నుకున్న బోర్డు, ఆ బోర్డు నియమించిన సూపరింటెండెంట్ ఉంటారు. దేశమంతటా ఇటువంటివి సుమారు 13,000 ఉన్నాయి. హవాయి రాష్ట్రమంతా ఒకే డిస్ట్రిక్ట్ కాగా, టెక్సస్‌లో వెయ్యికి పైగా ఉన్నాయి, వాటిలో కొన్నింటిలో అన్ని తరగతులూ కలిపినా రెండు మూడు వందల మంది పిల్లలే ఉంటారు.

ప్రశ్న: మావారు డాక్టరు. జె-1 వెయివర్ (శిక్షణ ముగిశాక స్వదేశానికి వెళ్లకుండా, డాక్టర్లు చాలని ఊళ్లో పనిచేసే షరతు మీద విదేశీ డాక్టర్లకు ఇచ్చే అనుమతి) మీద ఇక్కడి ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేయాలి. ఊరికంతా ఒకే ఎలిమెంటరీ స్కూలు, ఒకే హైస్కూలు. ఇళ్లు చూసే వెబ్‌సైట్‌లో ఈ బడికి పదికి నాలుగు రేటింగ్ ఇచ్చారు. నిరుడు మూడో తరగతి లెక్కల పరీక్షలో 64 శాతం మంది ప్రొఫిషియెంట్ (తరగతికి తగిన స్థాయి అందుకున్నవారు) అయితే ఈ ఏడు అది 50 శాతానికి పడిపోయింది. తరగతికి 14 మంది పిల్లలు. మా అమ్మాయి వచ్చే ఏడు మూడో తరగతికి వస్తుంది. నేను పాపను తీసుకుని గంటన్నర దూరంలో ఉన్న సిటీలో ఉండి, మావారు ఇక్కడ ఒంటరిగా ఉండటమే మంచిదని మా అత్తగారు, అమ్మ ఇద్దరూ అంటున్నారు. ఏం చేయమంటారు?
ఒక తల్లి, నెబ్రాస్కా

జవాబు: అమ్మా, మీరు రాసిన అంకెలనే ఒకసారి విప్పి చూద్దాం. 14 మందిలో 9 మంది గట్టెక్కితే 64 శాతం, 7 గురు గట్టెక్కితే 50 శాతం. అంటే మిమ్మల్ని ఇంత కలవరపెట్టిన పద్నాలుగు పాయింట్ల పతనం వెనుక ఉన్నది ఇద్దరు పిల్లలు. వారిలో ఒకరు జనవరిలో వేరే రాష్ట్రం నుంచి వచ్చి చేరి ఉండవచ్చు, ఇంకొకరికి పరీక్ష నాడు జ్వరం వచ్చి ఉండవచ్చు. పైగా నిరుడు పరీక్ష రాసిన పిల్లలు, ఈ ఏడు రాసిన పిల్లలు వేరు. ఒక బ్యాచ్‌ను ఇంకొక బ్యాచ్‌తో పోల్చి బడి దిగజారిందని తీర్పు చెప్పడానికి 14 మంది చాలరు. అందుకే అమెరికాలో ప్రతి రాష్ట్రమూ ఒక కనీస సంఖ్యను పెట్టుకుని, ఏదైనా వర్గంలో పిల్లలు అంతకన్న తక్కువగా ఉంటే ఆ ఫలితాన్ని ప్రకటించదు. పిల్లల వివరాలు బయటపడకూడదన్నది ఒక కారణమైతే, అంత చిన్న సంఖ్య మీద లెక్క నిలవదన్నది రెండవది. చిన్న డిస్ట్రిక్ట్ ఫలితాలను చూసేటప్పుడు కనీసం మూడేళ్లవి కలిపి, వీలైతే మూడు నుంచి ఎనిమిది వరకు అన్ని తరగతులవీ కలిపి చూడండి. 2015 నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం ప్రకారం ఈ తరగతులన్నింటికీ ఏటా చదవడంలోనూ లెక్కల్లోనూ పరీక్ష పెట్టి, రిపోర్ట్ కార్డును ప్రజల ముందు పెట్టవలసిందే కనుక, మీకు కావలసిన అంకెలన్నీ రాష్ట్ర విద్యాశాఖ సైట్‌లోనే దొరుకుతాయి.

ఇక ఆ పదికి నాలుగు సంగతి. ప్రొఫిషియెంట్ శాతం చాలావరకు చెప్పేది పిల్లవాడు బడిలో అడుగుపెట్టే నాటికి ఇంట్లో ఎంత కూడబెట్టుకుని వచ్చాడన్నదే. తల్లిదండ్రుల ఆదాయం, చదువు పెరిగిన చోట ఈ శాతమూ పెరుగుతుంది. బడి ఏం చేసిందో తెలియాలంటే చూడవలసింది గ్రోత్, అంటే అదే పిల్లవాడు ఒక ఏడాదిలో ఎంత ముందుకు వెళ్లాడన్న లెక్క. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షాన్ రియర్డన్ దేశంలోని సుమారు 11,000 డిస్ట్రిక్టుల పరీక్షా ఫలితాలను ఒకచోట చేర్చి 2017లో వెలువరించిన విశ్లేషణలో, సగటు మార్కులకూ ఎదుగుదల వేగానికీ మధ్య సంబంధం చాలా బలహీనమని తేలింది. పేద పిల్లలు ఎక్కువగా ఉండి, సగటు మార్కులు తక్కువగా ఉన్న షికాగో డిస్ట్రిక్టులో మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతికి చేరే ఐదేళ్లలో పిల్లలు ఆరేళ్ల చదువుకు సమానమైన ముందడుగు వేశారు. మార్కులు గొప్పగా ఉన్న కొన్ని సంపన్న డిస్ట్రిక్టులలో ఆ వేగం లేదు. స్టాన్‌ఫర్డ్ వారి ఎడ్యుకేషనల్ ఆపర్చునిటీ ప్రాజెక్ట్ సైట్‌లో డిస్ట్రిక్ట్ పేరు కొట్టి ఈ ఎదుగుదల అంకెను ఎవరైనా చూసుకోవచ్చు. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రొఫిషియెంట్ అనడానికి కావలసిన మార్కును ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది కాబట్టి, వేరే రాష్ట్రంలోని బడి శాతంతో మీ బడి శాతాన్ని పోల్చవద్దు. రాష్ట్రాలను ఒకే కొలతతో కొలిచే నేప్ పరీక్ష ఉంది గాని, అది కొందరు పిల్లలకు మాత్రమే పెట్టే నమూనా పరీక్ష. రాష్ట్రాలకూ కొన్ని పెద్ద నగరాల డిస్ట్రిక్టులకూ తప్ప చిన్న వాటికి అందులో ఫలితం రాదు.

చిన్న బడిలో నిజంగా భయపడవలసినవి వేరే ఉన్నాయి, అవి రేటింగ్‌లో కనబడవు. తరగతికి ఒకే సెక్షన్ ఉన్నచోట మూడో తరగతి టీచరు అంటే ఆ ఒక్కరే. ఆమె మంచి టీచరైతే ఊరి పిల్లలందరి అదృష్టం, ఏడాది మధ్యలో వెళ్లిపోతే ఊరి పిల్లలందరి నష్టం. కాబట్టి ఒకరోజు ప్రిన్సిపాల్‌ను కలిసి, గడచిన మూడేళ్లలో ఎలిమెంటరీ టీచర్లు ఎంతమంది మారారు, సర్టిఫికెట్ లేకుండా తాత్కాలిక అనుమతితో బోధిస్తున్నవారు ఎవరైనా ఉన్నారా, చదవడంలో వెనుకబడిన పిల్లవాడిని ఏ నెలలో గుర్తిస్తారు, గుర్తించాక రోజుకు ఎన్ని నిమిషాలు విడిగా చెబుతారు అని అడగండి. వారానికి ఎన్ని రోజులు బడి నడుస్తుందో కూడా కనుక్కోండి. మిస్సోరి, కొలరాడో వంటి రాష్ట్రాలలో చిన్న డిస్ట్రిక్టులు అనేకం, జీతాలు పెంచలేక, టీచర్లను నిలుపుకోవడానికి నాలుగు రోజుల వారానికి మారాయి. మొత్తం బోధన గంటలు తగ్గకుండా చూసుకున్నచోట ఫరవాలేదు గాని, గంటలు తగ్గితే నష్టపోయేది పిల్లలే.

ఈ ప్రశ్నలకు తృప్తికరమైన జవాబులు వస్తే, వెబ్‌సైట్‌లోని ఒక అంకె కోసం తండ్రినీ కూతురినీ మూడేళ్లు వేరుచేయవద్దని నా గట్టి సలహా. 14 మంది ఉన్న తరగతిలో టీచరుకు మీ పాప పేరే కాదు, ఏ కూడికలో తడబడుతుందో కూడా తెలిసి ఉంటుంది. ఆ సదుపాయాన్ని సిటీలో డబ్బు పెట్టినా కొనలేరు.

ప్రశ్న: మేము హైదరాబాద్ నుంచి వచ్చి 14 నెలలైంది. మిసిసిపీలోని ఒక చిన్న డిస్ట్రిక్టులో మా బాబు మూడో తరగతి చదువుతున్నాడు. చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడిగారు. తెలుగు అని రాస్తే పిల్లవాడిని వెనుకబడిన వాళ్లతో కూర్చోబెడతారని తెలిసినవాళ్లు భయపెట్టడంతో ఇంగ్లిష్ అని రాశాం. ఇప్పుడు రీడింగ్ పరీక్షలో తప్పితే నాలుగో తరగతికి పంపరని ఉత్తరం వచ్చింది.
తల్లిదండ్రులు, మిసిసిపీ

జవాబు: ఆ ఫారాన్ని వెంటనే సరిచేయించండి, మిగతా మాటలన్నీ దాని తరువాతే. ఇంటి భాష తెలుగు అని రాసినంత మాత్రాన బాబును ఏ తరగతిలోనూ వేయరు. ఇంగ్లిష్ ఎంత వచ్చో చూడటానికి ఒక చిన్న పరీక్ష పెడతారు. సరిపడా వస్తే అక్కడితో ముగిసిపోతుంది, రాకపోతే అదనపు ఇంగ్లిష్ బోధన ఇస్తారు. ఆ బోధన వద్దనే హక్కు కూడా తల్లిదండ్రులకు ఉంది. భాష రాని పిల్లవాడిని అందరితో కూర్చోబెట్టి ఊరుకుంటే సమాన విద్య ఇచ్చినట్లు కాదని 1974లో లావ్ వర్సెస్ నికల్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన నాటి నుంచి, ఎంత చిన్న డిస్ట్రిక్ట్ అయినా ఈ సాయం చేయక తప్పదు.

మీ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. మిసిసిపీ 2013లో చేసిన చట్టం ప్రకారం మూడో తరగతి చివర రీడింగ్‌లో నిర్ణీత స్థాయి అందుకోని పిల్లలను పై తరగతికి పంపరు. మొదటిసారి తప్పితే మళ్లీ రాయడానికి రెండు అవకాశాలు ఉంటాయి. కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. వాటిలో ఒకటి, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలుగా గుర్తింపు పొంది, ఆ ప్రత్యేక బోధన మొదలై రెండేళ్లు నిండనివారికి. బాబుకు ఆ గుర్తింపే లేకపోతే ఈ మినహాయింపును అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాసి, ఇంట్లో మాట్లాడేది తెలుగేనని, బాబు ఫలానా నెలలో భారతదేశం నుంచి వచ్చాడని తెలియజేసి, ఇంగ్లిష్ స్క్రీనింగ్ పరీక్ష పెట్టమని కోరండి. అలా కోరినందుకు ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. ఒక్క ఇబ్బంది మాత్రం ఉంటుంది. ఇటువంటి పిల్లలు నలుగురైదుగురే ఉన్న డిస్ట్రిక్టుకు ఫెడరల్ టైటిల్ త్రీ నిధులలో (ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లల కోసం ఇచ్చేవి) వాటా 10,000 డాలర్లకు చేరకపోతే విడిగా ఇవ్వరు, పొరుగు డిస్ట్రిక్టులతో కలిసి తీసుకోవాలి. అందువల్ల ఇంగ్లిష్ టీచరు వారానికి రెండు మూడు రోజులే మీ బడికి వచ్చే అవకాశం ఉంది. ఏయే రోజుల్లో వస్తారో, బాబుతో ఎంతసేపు గడుపుతారో రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ చట్టం మీద మీకు కోపం రావడం సహజమే అయినా, అది చేసిన మేలు కూడా చెప్పాలి. 2013లో నాలుగో తరగతి రీడింగ్‌లో దేశంలో 49వ స్థానంలో ఉన్న మిసిసిపీ, 2022లో 21వ స్థానానికి, 2024లో 9వ స్థానానికి వచ్చింది. పిల్లలను ఆపివేయడం వల్లనే ఇది జరిగిందనుకుంటే పొరపాటు. కిండర్‌గార్టెన్ నుంచే ఏడాదికి మూడుసార్లు పరీక్షించి వెనుకబడినవారిని గుర్తించారు, అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధం మీద చదువు నేర్పే పద్ధతిలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు, ఫలితాలు తక్కువగా ఉన్న బడులకు రీడింగ్ కోచ్‌లను పంపారు. ఈ కోచ్‌ల జీతం రాష్ట్రం భరించడమే నా దృష్టిలో అసలు కీలకం. డెల్టా ప్రాంతంలోని పేద డిస్ట్రిక్టులు సొంత డబ్బుతో అటువంటి నిపుణుడిని ఏనాటికీ నియమించుకోలేవు. ఎనిమిదో తరగతిలో ఇంత మెరుగుదల ఇంకా రాలేదన్నది కూడా నిజమే. మీ బాబు తెలుగు గుణింతాలు నేర్చుకుని ఉంటే అక్షరం ధ్వనికి గుర్తు అన్న సంగతి వాడికి ఇప్పటికే తెలుసు. ఇంగ్లిష్‌లో ఒకే అక్షరానికి నాలుగు ధ్వనులు ఉంటాయన్న చోటే సాయం కావాలి. రోజూ పావుగంట పక్కన కూర్చుని బయటికి చదివించండి.

ప్రశ్న: మా తమ్ముడి పెళ్లి డిసెంబరులో. నెల మొదటి వారంలో బయలుదేరి సంక్రాంతి చూసుకుని వద్దామని ఉంది. క్రిస్మస్ సెలవులు పోను ఇరవై రోజులు బడి పోతుంది. పిల్లలిద్దరూ క్లాసులో ముందుంటారు. మా డిస్ట్రిక్టులో మొత్తం 300 మంది. ప్రిన్సిపాల్ ఎందుకో ముఖం చిన్నబుచ్చుకున్నారు.
ఒక తండ్రి, టెక్సస్

జవాబు: ఆయన ముఖం చిన్నబోవడానికి బలమైన కారణాలే ఉన్నాయండి. బడి పనిదినాలలో పదోవంతు మానిన పిల్లవాడిని, ఏ కారణం చేత మానినా, దీర్ఘకాలిక గైర్హాజరు లెక్కలో వేస్తారు. 180 దినాల బడికి అది 18 రోజులు. మీ ఒక్క ప్రయాణంతోనే ఇద్దరూ ఆ గీత దాటుతారు. కోవిడ్‌కు ముందు దేశంలో 15 శాతం మంది పిల్లలు ఈ లెక్కలోకి వచ్చేవారు, 2021-22 నాటికి అది 28 శాతానికి చేరింది. ఆ సంఖ్యను తగ్గించడానికి ప్రిన్సిపాళ్లు ఇల్లిల్లూ తిరుగుతున్న కాలమిది.

రెండవది డబ్బు. టెక్సస్, కాలిఫోర్నియా రాష్ట్రాలు బడికి నిధులిచ్చేది పేర్లు నమోదైన పిల్లల సంఖ్యను బట్టి కాదు, సగటున రోజూ హాజరైన సంఖ్యను బట్టి. టెక్సస్‌లో 2019 నుంచి 2025 వరకు ఒక్కో విద్యార్థికి మూల కేటాయింపు 6,160 డాలర్లు. దానిని పనిదినాలతో భాగిస్తే రోజుకు సుమారు 35 డాలర్లు. ఇద్దరు పిల్లలు ఇరవై రోజులేసి మానితే, స్థూలంగా 1,400 డాలర్లు. పదివేల మంది ఉన్న డిస్ట్రిక్టుకు ఇది లెక్కలోనిది కాదు. 300 మంది ఉన్నచోట, బస్సు, హీటరు, వంటశాల, సూపరింటెండెంట్ జీతం ఏవీ పిల్లల సంఖ్యను బట్టి తగ్గవు గనుక, ఇటువంటి నాలుగు ప్రయాణాలు కలిస్తే లైబ్రరీకి కొనవలసిన పుస్తకాలు ఆగిపోతాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. టెక్సస్‌లో ఒక క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే ఆ క్లాసుకు క్రెడిట్ ఇవ్వరు, ప్రిన్సిపాల్ ఆమోదించిన ప్రణాళికను పూర్తిచేయాలి, లేదా కమిటీ ముందుకు వెళ్లి అడుక్కోవాలి. ఆరు నెలల వ్యవధిలో అనుమతి లేని గైర్హాజరు పది రోజులకు చేరితే తల్లిదండ్రులను కోర్టుకు పిలిపించే అధికారం బడికి ఉంది. తమ్ముడి పెళ్లికి పిల్లలను తీసుకువెళ్లవద్దని నేను చెప్పను. బాబాయి పెళ్లి చూడని బాల్యం ఏం బాల్యం. పెళ్లి ముహూర్తానికి మూడు నాలుగు రోజుల ముందు బయలుదేరి, బడి తెరిచే నాటికి తిరిగి రండి. నానమ్మ ఇంట్లో సంక్రాంతి ముచ్చట తీరాలంటే, పిల్లలను తోడుతో బడి తెరిచే నాటికి వెనక్కు పంపించి మీరిద్దరూ ఉండిపోండి.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జి.ఓ. 117 ప్రకారం మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరలోని హైస్కూళ్లకు తరలించారు, తరువాతి ప్రభుత్వం దానిని వెనక్కు తీసుకుంది. అమెరికాలో చిన్న బడులను కలిపివేసి బాగుపడ్డారని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. నిజమేనా?
విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, ప్రకాశం జిల్లా

జవాబు: మాస్టారూ, కలపడం నిజం, బాగుపడటం అంత సూటిగా చెప్పగలిగినది కాదు. 1939-40లో అమెరికాలో 1,17,000కు పైగా స్కూల్ డిస్ట్రిక్టులు ఉండేవి. ఇప్పుడున్న 13,000కు అవి దిగివచ్చింది విలీనాల వల్లనే. మీ మిత్రులకు చెప్పడానికి ఆర్కాన్సాస్ రాష్ట్రంలోని లేక్ వ్యూ కథ సరిపోతుంది.

మిసిసిపీ నది ఒడ్డున ఫిలిప్స్ కౌంటీలో ఉన్న లేక్ వ్యూ, దాదాపు అందరూ నల్లజాతివారే ఉన్న పేద ఊరు. రాష్ట్రం నిధులు పంచే పద్ధతి అన్యాయమని ఆ చిన్న డిస్ట్రిక్ట్ 1992లో రాష్ట్రం మీదనే దావా వేసింది. కోర్టు రికార్డులోకి ఎక్కిన ఒక వివరం చదివితే మనసు కలుక్కుమంటుంది. ఆ హైస్కూలులో లెక్కలన్నీ చెప్పేది ఒక్కరే, ఆయనకు టీచరు సర్టిఫికెట్ లేదు. సబ్‌స్టిట్యూట్ టీచరుగా ఏడాదికి 10,000 డాలర్లు ఇస్తుంటే, స్కూలు బస్సు నడిపి ఇంకొక 5,000 సంపాదించుకునేవాడు. ట్రిగొనోమెట్రీ క్లాసుకు చాలినన్ని కాల్క్యులేటర్లు లేవు, వృత్తలేఖినులు అసలే లేవు, ఉన్న ప్రింటరు పనిచేయదు, కాగితాలకూ కరువే. రాష్ట్ర రాజ్యాంగం హామీ ఇచ్చిన విద్య ఇది కాదని 2002 నవంబరులో ఆర్కాన్సాస్ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. లేక్ వ్యూ గెలిచింది.

గెలిచాక ఏమైందో వినండి. శాసనసభ టీచర్ల జీతాలు, నిధులు పెంచింది. వాటితోపాటు యాక్ట్ 60 అనే చట్టం చేసి, వరుసగా రెండేళ్లు 350 మంది కన్న తక్కువ పిల్లలున్న డిస్ట్రిక్టులు పొరుగువాటిలో కలిసిపోవాలని శాసించింది. 2004లో సుమారు యాభై డిస్ట్రిక్టులు అలా కనుమరుగయ్యాయి. వాటిలో లేక్ వ్యూ ఒకటి, బార్టన్-లెక్సా డిస్ట్రిక్టులో కలిసిపోయింది. కేసు గెలిచిన ఊరికే సొంత బోర్డు మిగలలేదు. చట్టం కలపమన్నది డిస్ట్రిక్టులనే, బడులను మూయమనలేదు. అయినా తరువాతి ఏళ్లలో అలా కలిసిన చాలా ఊళ్ల బడులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, పిల్లలు తెల్లవారకుండానే బస్సెక్కవలసి వచ్చింది. అక్కడి హైస్కూలు పిల్లలకు సర్టిఫికెట్ ఉన్న లెక్కల టీచరు, ఎక్కువ కోర్సులు దొరికాయన్న మేలును నేను తక్కువ చేయను. రాష్ట్రం కూడా 2015లో ఈ 350 నియమానికి కొన్ని సడలింపులు ఇచ్చింది.

కలపడానికీ ఒంటరిగా వదిలేయడానికీ మధ్య ఇంకొక దారి ఉంది, అమెరికాలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది అదే. న్యూయార్క్ రాష్ట్రంలో 1948 నుంచి బోసెస్ అనే సహకార మండళ్లు ఉన్నాయి, ఇప్పుడు 37. టెక్సస్‌లో 20 ప్రాంతీయ సేవా కేంద్రాలు ఉన్నాయి. వినికిడి లోపం ఉన్న పిల్లల నిపుణురాలు, జీతాల లెక్కలు, వృత్తివిద్య వర్క్‌షాపు వంటివి ఒక్కో చిన్న డిస్ట్రిక్ట్ విడిగా భరించలేదు, పదీ పదిహేను కలిసి పంచుకుంటాయి. ఊరి బడి ఊళ్లోనే ఉంటుంది. మీరు అడిగిన విషయానికి ఇది వర్తిస్తుందని నా అభిప్రాయం. ఎనిమిదేళ్ల పిల్ల హైవే దాటి హైస్కూలుకు నడవడం కన్న, మండలంలోని ఐదారు ప్రాథమిక బడులకు ఒక ఇంగ్లిష్ టీచరు, ఒక ప్రత్యేకావసరాల టీచరు వంతులవారీగా వచ్చి చెప్పడం మేలు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులను ఒక్కరే లాగుతున్న బాధ నాకు తెలియనిది కాదు. ఆ బాధకు మందు రెండో టీచరు. హైస్కూలు స్థాయిలో మాత్రం, సబ్జెక్ట్ టీచర్లందరూ ఉండాలంటే కొంత విలీనం తప్పదు.

ప్రశ్న: మా అబ్బాయి హైస్కూలులో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూలులోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కాల్క్యులస్ లేదు. పన్నెండో తరగతిలో 20 మందే. పెద్ద యూనివర్సిటీల అడ్మిషన్‌లో నష్టపోతాడా?
ఒక తల్లి, టెక్సస్

జవాబు: బడిలో లేని కోర్సు తీసుకోలేదని యూనివర్సిటీలు సాధారణంగా తప్పుపట్టవు. దరఖాస్తుతోపాటు కౌన్సెలర్ పంపే స్కూల్ ప్రొఫైల్‌లో బడిలో ఏయే కోర్సులు ఉన్నాయో రాసి ఉంటుంది, దానిని చూసే నిర్ణయిస్తారు. ఆ ప్రొఫైల్ తాజాగా ఉందో లేదో మాత్రం మీరే అడిగి చూడండి. చిన్న బడిలో కౌన్సెలర్ ఒక్కరే వంద పనులు చూస్తుంటారు. దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకూ కాలేజీకీ రెండింటికీ లెక్కకు వచ్చే కోర్సు) కింద కాల్క్యులస్ తీసుకోవచ్చు. కోర్సు తీసుకోకపోయినా, వేరే బడి ఒప్పుకుంటే అక్కడ ఏపీ పరీక్ష రాయవచ్చు, అయితే పేరు నవంబరు లోపే నమోదు కావాలి. ఇక టెక్సస్‌లో మీకు అనుకూలమైన చట్టం కూడా ఒకటుంది. 1997 నాటి టాప్ టెన్ పర్సెంట్ చట్టం ప్రకారం ప్రతి హైస్కూలులో మొదటి పదోవంతు పిల్లలకు రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం మాత్రం 2026 నుంచి మొదటి 5 శాతానికే ఇస్తోంది. 20 మంది తరగతిలో పదోవంతు అంటే ఇద్దరు, 5 శాతం అంటే ఒక్కరు.

ప్రశ్న: మేము హెచ్-1బి మీద ఉన్నాం. ఇంటి పన్ను కడుతున్నాం గాని ఓటు లేదు. బడిలో ఆరు వారాలుగా సైన్స్ టీచరు లేరు. మాలాంటివాళ్లు ఏమైనా అడగగలరా?
ఒక తండ్రి, కాన్సస్

జవాబు: తప్పకుండా అడగగలరు. స్కూల్ బోర్డు సమావేశాలు అందరికీ తెరిచి ఉంటాయి, వాటిలో మాట్లాడటానికి సాధారణంగా పౌరసత్వం అడగరు. మాట్లాడదలచినవారు ముందుగా పేరు ఇవ్వాలని, మూడు నిమిషాలకు మించకూడదని చాలాచోట్ల నియమం ఉంటుంది కాబట్టి, చెప్పదలచుకున్నది ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. బడ్జెట్ ఆమోదించే ముందు జరిగే బహిరంగ విచారణకు కూడా హాజరు కండి; చిన్న ఊళ్లలో ఆ రోజు హాలులో నలుగురైదుగురు కూడా ఉండరు, వచ్చిన ప్రతివారి మాటా బోర్డు సభ్యుల చెవిన పడుతుంది. మీ బడికి టైటిల్ వన్ నిధులు (పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం) వస్తుంటే, మీ పిల్లలకు చెప్పే టీచరు అర్హతలేమిటో తెలుసుకునే హక్కు ఫెడరల్ చట్టమే మీకు ఇచ్చింది. రాష్ట్ర సర్టిఫికెట్ లేని టీచరు వరుసగా నాలుగు వారాలు బోధిస్తే, తల్లిదండ్రులకు బడి తనంతట తానుగా తెలియజేయాలి. ఆరు వారాలైనా మీకు అటువంటి ఉత్తరం రాలేదంటే, ఆ విషయాన్నే ముందు ప్రిన్సిపాల్‌కు, జవాబు రాకపోతే సూపరింటెండెంట్‌కు రాయండి. సైన్స్ క్లాసును ఆన్‌లైన్ కోర్సుతోనో, పొరుగు డిస్ట్రిక్ట్ టీచరుతోనో ఎప్పటి నుంచి నడుపుతారో తేదీతో సహా తెలపమని అందులో కోరండి.